అదును తెలియని లెక్క

2020-21లో దేశ జీడీపీ 5.8 శాతం కుంగింది. స్వాతంత్ర్యం వచ్చాక ఒక్క ఏడాదిలో అంతగా పడిపోయింది ఎన్నడూ లేదు. ఆ కాలానికే జాతీయ గణాంక కార్యాలయం విడుదల చేసిన కార్మిక శక్తి సర్వే, అదే మనం పీఎల్ఎఫ్ఎస్ అంటున్నది, నిరుద్యోగిత 4.8 శాతం నుంచి 4.2 శాతానికి తగ్గిందని చెప్పింది. అప్పట్లో ఈ సర్వేకు ఏడాది అంటే జూలై నుంచి జూన్ దాకా. కాబట్టి లాక్‌డౌన్ తొలి మూడు నెలలు అంతకుముందటి ఏడాది పద్దులోకి వెళ్లాయని సర్దిచెప్పుకోవచ్చు. కానీ ఆ ఏడాది అంకె అయిన 4.8 కూడా 2018-19లో నమోదైన 5.8 కన్నా తక్కువే. ఎటునుంచి చూసినా, దేశంలో పనులు ఆగిపోయిన రోజుల్లోనే పనిలేనివాళ్లు తగ్గారు.

ఉత్పత్తి పడితే నిరుద్యోగం పెరగాలి. ఎంతకు ఎంతో అమెరికా ఆర్థికవేత్త ఆర్థర్ ఓకున్ 1962లో లెక్కగట్టాడు. నాటి అమెరికాలో నిరుద్యోగిత ఒక పాయింటు పెరిగితే ఉత్పత్తి సుమారు మూడు శాతం తరుగుతుందని తేల్చాడు. అప్పటినుంచి ఏ దేశపు కార్మిక విపణికి ఎకనామెట్రిక్ మోడల్ కట్టినా ఆ సంబంధం ఏదో ఒక రూపంలో అందులోకి వస్తూనే ఉంది. మన అంకెలు దానికి అడ్డం తిరిగాయి. అంకెలు తప్పా, సూత్రం తప్పా అని కొందరు తల పట్టుకున్నారు గానీ, అదే సర్వేలో ఇంకో వరుస చూస్తే గుట్టు విడిపోతుంది. 2018-19లో శ్రామికుల్లో 42.5 శాతం వ్యవసాయం మీద ఉండేవారు. మరుసటి ఏడాదికి అది 45.6, ఆ తర్వాత 46.5 అయింది. 2023-24లోనూ 46.1 దగ్గరే ఉంది. పట్నంలో పని పోయినవాళ్లు ఊరికొచ్చి అన్నదమ్ముల చేలోనే దిగారన్నమాట. చేను పెరగలేదు, దిగినవాళ్లు పెరిగారు. సర్వే వాళ్లు వచ్చి అడిగిన రోజున వాళ్లంతా పనిలోనే ఉన్నారు.

మోడల్ కట్టేవాళ్లు సమీకరణానికి కుడివైపు ఏయే చలరాశులు చేర్చాలన్నదాని మీద చాలా కసరత్తు చేస్తారు. వడ్డీరేట్లు, పెట్టుబడులు, ఎగుమతులు, వర్షపాతం అన్నీ అక్కడికి వస్తాయి. ఎడమవైపు నిరుద్యోగిత రేటు ఉండాలన్నది మాత్రం ముందే ఒప్పుకున్న సంగతిగా వదిలేస్తారు. అనంతపురం మెట్ట విషయంలో పప్పులో కాలేసేది అక్కడే అని నా అభిప్రాయం. ఇక్కడ పని కరువు నిరుద్యోగమై నమోదు కాదు. దొరికే పనిదినాల్లో, అదునుకు కదిలే కూలి రేటులో, తాళం పడిన ఇళ్లలో అది బయటపడుతుంది. వాటిని వదిలేసి రేటును పట్టుకుంటే ఎంత సొగసైన మోడల్ అయినా కరువు సీమను సంపూర్ణ ఉపాధి సీమగా చూపిస్తుంది.

అనంతపురం జిల్లాలోని రాయదుర్గాన్నే తీసుకుందాం. పడమటి కనుమల వెనక వాననీడలో ఉన్న పీఠభూమి ఇది. జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ. నైరుతి ఇక్కడికి చేరేసరికి అలిసిపోతుంది, ఈశాన్యం దాకా నమ్మకంగా నిలిచే మబ్బు ఉండదు. కానీ ఈ ఒక్క నియోజకవర్గంలో కూలి పని ఒక్క తీరున లేదు. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు తుంగభద్ర ఎగువ కాలువ పారిన ఏడు నాట్లకూ కోతలకూ మనుషులు చాలరు. ఆ పక్కనే హగరి ఒడ్డున ఇసుక దిబ్బలు పొలాల మీదికి జరుగుతున్న ఊళ్లున్నాయి. గుమ్మగట్టలో భైరవానితిప్ప ప్రాజెక్టు నిండితే ఒక లెక్క, నిండకపోతే ఇంకో లెక్క. డి.హీరేహాళ్ మండలంలో ఓబుళాపురం గనులు నడిచినన్నాళ్లు లారీలమీద, లోడింగుమీద, దారి పక్క హోటళ్లమీద బతికినవాళ్లుండేవారు. 2009 చివర్లో తవ్వకాలు ఆగాక వాళ్లు ఏ పనిలోకి మళ్లారన్నది ఏ సర్వే పట్టికలోనూ విడిగా దొరకదు. ఇక మిగతా మెట్ట అంతా వేరుశనగ. జూన్, జూలైలో పదునైతే విత్తు, లేకపోతే ఎదురుచూపు.

పట్టణంలో జీన్స్. బళ్లారి జీన్స్ వ్యాపారంతో ముడిపడి పెరిగిన కుట్టు యూనిట్లు రాయదుర్గానికి ఒక పేరు తెచ్చాయి, టెక్స్‌టైల్ పార్కూ వచ్చింది. యూనిట్లో మిషను మీద కూర్చునేవాళ్లు కొందరైతే, ఇంటి దగ్గరే పీసు లెక్కన దారపు పోగులు కత్తిరించేవాళ్లు, గుండీలు కుట్టేవాళ్లు మరికొందరు. ఆ రెండో రకంలో ఒక మనిషి వారాన్ని ఊహించి సర్వే కొలమానాల్లో వేసి చూద్దాం.

సోమవారం, మంగళవారం ప్యాంట్ల కట్టలు వచ్చాయి. రోజుకు ఆరేసి గంటలు చేసింది. బుధవారం వచ్చిన సరుకు మూడు గంటల్లో అయిపోయింది. మిగతా పూట మళ్లీ వస్తుందేమోనని చూసింది. గురు, శుక్ర, శనివారాలు సరుకే రాలేదు. ఇస్తే చేసేదే. ఆదివారం తనే వద్దనుకుంది. ఇప్పుడు ఈమె నిరుద్యోగా, కాదా?

ఏడాది పొడవునా ఎక్కువ కాలం ఏం చేశావన్న మొదటి కొలత ప్రకారం ఆమె పనిలో ఉన్నట్టే. ఆ కొలతకు అనుబంధంగా ముప్ఫై రోజుల పాటు ఏదో పని చేసినా చాలు, శ్రామికుల్లో చేరిపోతారు. గడచిన ఏడు రోజుల్లో ఏ రోజైనా ఒక్క గంట పనిచేశావా అన్నది రెండో కొలత. దాని ప్రకారమూ పనిలో ఉన్నట్టే. పైగా ఇంటి దగ్గర పీసు పనిచేసేవాళ్లు సర్వే వర్గీకరణలో కూలీలు కారు, స్వయం ఉపాధి పొందేవాళ్లు. మూడోది రోజువారీ కొలత. నాలుగు గంటలు, ఆపైన చేస్తే పూర్తి రోజు. గంట నుంచి నాలుగు గంటల లోపైతే సగం. ఈ కొలతలో ఆమెకు పని దొరికింది రెండున్నర రోజులు, దొరకనివి మూడున్నర. పని కోరుకున్న ఆరు రోజుల్లో మూడున్నర ఖాళీ, అంటే 58 శాతం నిరుద్యోగం. అదే మనిషి, అదే వారం. మొదటి రెండు కొలతల్లో నిరుద్యోగం సున్నా.

ఈ మూడు కొలతలూ ఎవరో తోచక పెట్టినవి కావు. పాశ్చాత్య దేశాల నిర్వచనం మన పల్లెలకు అతకదని, ఇక్కడ పని, పనిలేమి ఒకే మనిషిలో ఒకే వారంలో కలిసి ఉంటాయని, నిరుద్యోగాన్ని ఒక్క అంకెలో చెప్పడం కుదరదని ఎం.ఎల్. దంత్‌వాలా అధ్యక్షతన నిపుణుల కమిటీ 1970లోనే చెప్పింది. ఆ సలహా మీదే 1972-73లో జాతీయ నమూనా సర్వే (ఎన్ఎస్ఎస్) 27వ దఫా జరిగింది. అప్పటినుంచి ఐదేళ్లకోసారి మూడు అంకెలూ పక్కపక్కనే వచ్చేవి. 2011-12 దఫాలో మొదటి కొలత ప్రకారం దేశంలో నిరుద్యోగిత 2.2 శాతం, వారపు కొలతలో 3.7, రోజువారీ కొలతలో 5.6. చివరిది మొదటిదానికి రెండున్నర రెట్లు. ఆ తేడాయే మన దేశపు నిరుద్యోగ చరిత్ర అనుకోవచ్చు. 2017 ఏప్రిల్‌లో పీఎల్ఎఫ్ఎస్ మొదలయ్యాక రోజువారీ అంకె ముందువరుసలోంచి తప్పుకుంది. విచిత్రమేమంటే ఏ రోజు ఎన్ని గంటలు పనిచేశారన్న ప్రశ్న కొత్త సర్వేలోనూ ఉంది. సమాచారం సేకరిస్తున్నారు, ఆ అంకెను మాత్రం చాటడం లేదు.

గంట నియమాన్ని తీసిపారేయాలని నేననను. అది అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణం. ఎంత కొద్దిపాటి శ్రమైనా జాతీయోత్పత్తి లెక్కలోకి వస్తుంది కాబట్టి ఆ శ్రమ చేసినవాళ్లూ లెక్కలోకి రావాలన్నది దాని వెనక తర్కం. జీతాల మీద బతికే దేశంలో వారానికి గంట పనిచేసేవాళ్లు కొద్దిమందే ఉంటారు, నష్టం లేదు. మన దగ్గర శ్రామికుల్లో సగానికి పైగా సొంత పనివాళ్లు. సొంత పనికి ‘లేదు’ అనే రోజు ఉండదు. గిరాకీ లేని రోజూ అంగడి తెరిచే ఉంటుంది.

గత కొన్నేళ్ల జాతీయ అంకెల్ని ఈ దృష్టితో చదివితే సంతోషించాలో లేదో అర్థం కాదు. 2017-18లో 6.1 శాతమున్న నిరుద్యోగిత 2023-24కు 3.2 శాతానికి దిగింది. ఆ ఆరేళ్లలోనే స్వయం ఉపాధి వాటా 52.2 నుంచి 58.4 శాతానికి పెరిగింది, జీతం మీద పనిచేసేవారి వాటా కాస్త తగ్గింది. పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో శ్రామిక శక్తిలో ఉన్నవాళ్లు 23.3 శాతం నుంచి 41.7 శాతానికి చేరారు. పెద్ద మార్పే. కానీ పనిలో ఉన్న ఆడవాళ్లలో మూడో వంతుకు పైగా ఇంటివాళ్ల చేలోనో అంగట్లోనో జీతం లేకుండా సాయపడేవాళ్లు. డబ్బు కోసమో లాభం కోసమో చేసే పనిని మాత్రమే ఉపాధి అనాలి, ఇంటి తిండి కోసం పండించుకునేదాన్ని విడిగా చూపాలి అని 2013లో కార్మిక గణాంకవేత్తల 19వ అంతర్జాతీయ సమావేశం తీర్మానించింది. మన సర్వేలు ఇప్పటికీ ఆ రెంటినీ కలిపే లెక్కిస్తున్నాయి. పదిహేను నుంచి ఇరవై తొమ్మిదేళ్ల వాళ్లలో నిరుద్యోగిత 10.2 శాతమని అదే నివేదిక అంటోంది. డిగ్రీ చదివి పోటీ పరీక్షల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న కొడుకు నిరుద్యోగి. వాడిని చదివించడానికి రోజూ కూలి వెతుక్కునే తల్లి ఉద్యోగి. పని లేదని చెప్పుకోవాలన్నా ఇంట్లో కొంత ఆసరా ఉండాలి.

సరే, కొలత మార్చి రోజువారీ రేటే తీసుకున్నాం అనుకుందాం. రాయదుర్గానికి ఆ అంకె దొరుకుతుందా? ఇక్కడ ఒక చిన్న చరిత్ర చెప్పాలి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా రాయదుర్గం బళ్లారి జిల్లాలో తాలూకా. అదే జిల్లాలోని హడగలిలో 1920 సెప్టెంబరు 10న ఒక తెలుగు ఇంట పుట్టిన కల్యంపూడి రాధాకృష్ణారావు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన సంస్థలో చేరి, 1945లో ఒక ఫలితం నిరూపించాడు. చేతిలో ఉన్న సమాచారం ఇంత అయితే, పక్షపాతం లేని ఏ అంచనాకైనా ఇంతకన్నా తక్కువ దోషం సాధ్యం కాదు, ఎంత తెలివైన పద్ధతి కనిపెట్టినా అంతే అని దాని సారాంశం. క్రామెర్–రావు హద్దు అని ప్రపంచమంతా చదువుకునేది ఇదే. 1948లో ఆయన ఇచ్చిన స్కోర్ పరీక్షను ఎకనామెట్రిక్స్ చదివినవాళ్లంతా వాడతారు, చాలామంది ఇంకో పేరుతో. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకుని ఆ ఏడు ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు.

ఆ హద్దు మన ఊరి లెక్కకు సూటిగా తగులుతుంది. మొన్నటిదాకా పీఎల్ఎఫ్ఎస్ దేశం మొత్తం మీద 12,800 గ్రామాలు, పట్టణ బ్లాకులు ఎంచి, ఒక్కోచోట ఎనిమిది ఇళ్లు, వెరసి లక్ష ఇళ్లు అడిగేది. అందులో అనంతపురం వంతు ఎంత, రాయదుర్గం వంతు ఎంత? నూరుగురు శ్రామికుల్ని అడిగితే అయిదుగురు పనిలేదన్నారనుకోండి. నిజమైన రేటు ఒకటి నుంచి తొమ్మిది శాతం దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఆ నూరుగురూ పక్కపక్క ఇళ్లవాళ్లయితే ఆ పరిధి ఇంకా పెరుగుతుంది. అలాంటి అంకెతో ఒక కలెక్టరు చేయగలిగింది ఏమీ లేదు. 2025 జనవరి నుంచి సర్వేను మార్చారు. 22,692 చోట్ల, ఒక్కోచోట పన్నెండు ఇళ్లు. జిల్లానే ప్రాథమిక విభాగంగా తీసుకున్నారు. ఆ ఏప్రిల్ నుంచి దేశానికి నెలనెలా అంకె వస్తోంది. తొలి నెల అంకె వారపు కొలతలో 5.1 శాతం. మంచి మార్పే. అయినా జిల్లా కింద మండలం అనేసరికి రావు గారి హద్దు దగ్గర ఆగిపోవాల్సిందే.

ఆగకుండా ఉండాలంటే అప్పు చేయాలి. పక్క మండలాల నుంచి, వర్షపాతం నుంచి, ఉపాధి పనుల మస్టర్ల నుంచి, విద్యుత్ వాడకం నుంచి సమాచారం అరువు తెచ్చుకుని మోడల్ ద్వారా చిన్న ప్రాంతానికి అంచనా వేయాలి. 1979లో ఫే, హెరియట్ అనే ఇద్దరు అమెరికాలో చిన్న ఊళ్ల ఆదాయాలకు ఈ పని చేశారు. ఈ విద్యకు ఇప్పటికీ పెద్ద పుస్తకం కెనడాలో స్థిరపడిన మన జె.ఎన్.కె. రావు 2003లో రాసిందే. పని ఉందా, లేదా అన్నది అవును-కాదు ప్రశ్న కాబట్టి దానికి మామూలు గీత గీస్తే సరిపోదు; అలాంటి చలరాశుల్ని ఎడమవైపు పెడితే ఏం చేయాలో 1983లో గ్రంథం రాసిన జి.ఎస్. మద్దాల కూడా ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివినవాడే. వీళ్లందరి పనిముట్లూ అమెరికా, యూరప్ గణాంక సంస్థల్లో రోజూ వాడుకలో ఉన్నాయి. రాయలసీమ మండలాలకు నిరుద్యోగ పటం గీయడానికి మనం ఇంకా వాడలేదు. తెలివి లేక కాదు, అడిగినవాడు లేక.

పటం గీసినా ఒక చిక్కు మిగులుతుంది. రాయదుర్గం కూలి సంత రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగదు. యాభై కిలోమీటర్ల దూరంలోని బళ్లారి ధరే ఇక్కడి కుట్టు రేటును నిర్ణయిస్తుంది, బెంగళూరులో స్లాబులు పడే సీజనే ఇక్కడి తాపీపనివాళ్ల సీజను. 1953లో తాలూకాల లెక్కన గీసిన గీత కూలీకి తెలియదు, సర్వేకు మాత్రం రాష్ట్రమే హద్దు. వలసకు మోడళ్లు లేక కాదు. పట్నంలో నిరుద్యోగం కళ్లకు కనబడుతున్నా పల్లెలనుంచి జనం ఎందుకు వెళ్తూనే ఉంటారో హారిస్, తొడారో 1970లోనే వివరించారు: పట్నం కూలిని, అది దొరికే అవకాశంతో గుణించి, వచ్చినదాన్ని ఊరి కూలితో పోల్చుకుంటారని. ఆ పోలికలో ఊరివైపు సున్నా ఉంటే ఏమవుతుందో మెట్ట రైతు చెప్పనక్కర్లేదు. ఆదోని, ఆలూరు వైపు సుగ్గి వలస పోయే కుటుంబాల్లో ముసలివాళ్లను కాపలా ఉంచి మిగతావాళ్లంతా బయల్దేరతారు. ఇలా ముప్ఫై రోజులకు మించి ఆరునెలల లోపు వెళ్లొచ్చేవాళ్లను విడిగా లెక్కించే పని ఎన్ఎస్ఎస్ 2007-08లో 64వ దఫాలో చేసింది. నెలనెలా వచ్చే సర్వేలో మాత్రం తాళం వేసిన ఇల్లు తగిలితే దాని బదులు ఇంకో ఇంటికి వెళ్లే ఏర్పాటు ఉంది. అడగాల్సిన మనిషి బెంగళూరులో రేకుల షెడ్డులో ఉంటాడు. ఆ షెడ్డు అక్కడి పట్టణ బ్లాకు జాబితాలో ఉంటుందో లేదో దేవుడికెరుక.

అయితే పని కరువును కొలవడానికి మనిషిని అడగడం తప్ప వేరే దారి లేదా? ఉంది. ఆ దారి వేసిన పరిశోధన ఈమధ్య వచ్చిన వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది. ఎమిలీ బ్రెజా, సుప్రీత్ కౌర్, యోగితా శందాసాని ఒడిశా పల్లెల్లో ఒక ప్రయోగం చేసి 2021లో ప్రచురించారు. ఊళ్లో కూలీల్లో దాదాపు నాలుగో వంతు మందికి బయట నెల రోజుల పని ఇచ్చారు. అంతమంది ఒక్కసారిగా ఊళ్లోంచి తప్పుకుంటే మిగిలినవాళ్ల కూలి పెరగాలి. పనులు ముమ్మరంగా ఉన్న నెలల్లో అలాగే పెరిగింది, ఊళ్లో పనులకు మనుషులు తగ్గారు. పనుల్లేని నెలల్లో మాత్రం కూలి పైసా కదల్లేదు. ఊళ్లో జరిగే పనీ తగ్గలేదు; వెళ్లినవాళ్ల చోట్లోకి మిగిలినవాళ్లు వచ్చి చేరారు. అంటే నాలుగో వంతుకు మించిన శ్రమ అంతకుముందు అమ్ముడుపోకుండా పడి ఉందన్నమాట. ఆ నెలల్లో కూలీలు చేస్తున్న సొంత పనిలో కనీసం 24 శాతం బయట పని దొరక్క చేస్తున్నదేనని వాళ్లు తేల్చారు. సర్వేలో అదంతా స్వయం ఉపాధి. ఎవరినీ ‘నువ్వు నిరుద్యోగివా’ అని అడగకుండా నిరుద్యోగాన్ని కొలిచిన పద్ధతి ఇది.

ఇదే కౌర్ 2019లో దేశంలోని జిల్లాల కూలి రేట్లను, వానల్ని దశాబ్దాల పాటు పక్కపక్కన పెట్టి చూపింది మరోటి: మంచి వాన పడిన ఏడు కూలి పెరుగుతుంది, మరుసటి ఏడు వాన తగ్గినా ఆ కూలి దిగదు. దిగేది పనిదినాలు. మెట్ట ఊళ్లలో ఇది కొత్త సంగతి కాదు. కరువు ఏడులో తక్కువ కూలికి వస్తానంటే పనిచ్చేవాడు ముఖం తిప్పుకుంటాడు, తోటివాళ్లు ఊరుకోరు. రేటు నిలబడుతుంది, పిలుపు రాదు. కాబట్టి కూలి రేటును ఒక్కదాన్నే చూసి కరువు లేదనుకునేవాళ్లు, నిరుద్యోగిత రేటును చూసి పని ఉందనుకునేవాళ్లు ఒకే పొరపాటు చేస్తున్నారు.

ఈ సంగతులన్నిటికీ అనంతపురం ఊరికే ఉదాహరణ కాదు, ప్రయోగశాల కూడా. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. మొదట 200 జిల్లాలు, 2007లో మరో 130, 2008 ఏప్రిల్‌కు మిగతావి. ఇలా విడతలవారీగా రావడం ఆర్థికవేత్తలకు అనుకోని వరమైంది. ముందు వచ్చిన జిల్లాల్లో మార్పును, ఇంకా రాని జిల్లాల్లో మార్పుతో పోల్చి, ఆ తేడాలోంచి పథకం ప్రభావాన్ని వేరు చేయొచ్చు. క్లెమాన్ ఇంబెర్, జాన్ పాప్ 2015లో ఆ పని చేశారు. పథకం బాగా నడిచిన రాష్ట్రాల్లో, అందులో మనదీ ఒకటి, వేసవి నెలల్లో ప్రైవేటు కూలి కూడా పెరిగిందని చూపారు. దీనికి ఒక లోపముంది. మొదటి 200 జిల్లాలు వెనకబడినవని ఏరికోరి ఎంచినవి. వాటి దారి వేరు, మిగతావాటి దారి వేరు.

ఆ లోపం లేని పరీక్షా ఇక్కడే జరిగింది. ఉపాధి కూలి చెల్లింపులకు స్మార్ట్‌కార్డులు తెచ్చినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏ మండలానికి ముందు, ఏ మండలానికి వెనక అన్నది లాటరీ తీయడానికి ఒప్పుకుంది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ ఎనిమిది జిల్లాల్లో, అనంతపురంతో కలిపి, 157 మండలాల్లో దాన్ని అధ్యయనం చేశారు. డబ్బు సకాలంలో అందడం, మధ్యలో మింగడం తగ్గడం వంటి ఫలితాలు 2016లో వచ్చాయి. అసలు ఫలితం 2023లో ఎకనామెట్రికా పత్రికలో వచ్చింది. పథకం సరిగ్గా నడిచిన మండలాల్లో లబ్ధిదారు కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది, పేదరికం 26 శాతం తగ్గింది. పెరిగిన ఆదాయంలో 86 శాతం పథకం ఇచ్చిన డబ్బు కాదు. బయటి పనుల్లో కూలి పెరగడం వల్ల, పని పెరగడం వల్ల వచ్చింది. కూలి పెరిగితే పని తగ్గాలి కదా? భూమి కొద్దిమంది చేతుల్లో ఉన్న ఊళ్లలో పని ఎక్కువగా పెరిగిందని కూడా వాళ్లు గమనించారు. పనిచ్చేవాళ్లు కొందరే అయినచోట కూలిని తొక్కిపట్టడానికి పనినీ తగ్గించి ఉంచుతారు; కూలీకి ఇంకో దారి దొరికితే ఆ పట్టు సడలుతుంది. పాఠ్యపుస్తకాల్లో గనుల ఊళ్ల గురించి చెప్పే సంగతి వేరుశనగ చేలకూ వర్తించిందన్నమాట.

ఈ నేపథ్యంలోనే 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో తెచ్చిన వికసిత్ భారత్ గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్ గ్రామీణ్ చట్టాన్ని చూడాలి. (ఈ పేరు పూర్తిగా పలికినందుకే అరపూట కూలి ఇవ్వొచ్చు.) వంద రోజుల హామీ 125 రోజులైంది, సంతోషం. విత్తు, కోతల కాలంలో రైతులకు కూలీలు దొరకాలని ఏడాదిలో మొత్తం 60 రోజులు పనులు ఆపే నిబంధన కూడా అందులో ఉంది. ఆ రోజులేవో రాష్ట్రం ముందే ప్రకటించాలి. రైతుల గోడు అబద్ధం కాదు. పదునైన నాలుగు రోజుల్లో విత్తు పడకపోతే పంట పోయినట్టే. ఆ నాలుగు రోజుల్లో మనిషి దొరక్కపోతే ఎంత కూలి ఇస్తానన్నా లాభం లేదు. ఒడిశా ప్రయోగం కూడా ముమ్మర నెలల్లో కూలీలు బయటికి వెళ్తే ఊళ్లో పనికి లోటు పడుతుందనే చెప్పింది.

కానీ ముమ్మర కాలం ఎప్పుడు? డెల్టాలో కాలువ వదిలే తేదీని బట్టి చెప్పొచ్చు. రాయదుర్గం మెట్టలో దాన్ని చెప్పేది ఆకాశం. జూన్ రెండో వారంలో వాన పడిన ఏడు విత్తు అప్పుడే. జూలై ఆఖరుదాకా పడని ఏడు విత్తే లేదు. ముందే ప్రకటించిన నిలుపుదల రోజులు జూన్ 15 నుంచి జూలై 15 అనుకుందాం, ఆ నెలంతా చినుకు రాలలేదనుకుందాం. చేలో పని లేదు, పథకంలో పని ఆపేశారు. పని అత్యంత అవసరమైన నెలను పని అత్యంత ముమ్మరమైన నెలగా చట్టం రాసుకుంటుంది. ఆ కుటుంబం బెంగళూరు బస్సెక్కుతుంది, నిరుద్యోగిత రేటులో ఏమీ కదలదు. అదే రోజుల్లో కాలువ కింద బొమ్మనహాళ్‌లో నాట్లకు నిజంగానే మనుషులు కావాల్సి రావొచ్చు. ఒకే నియోజకవర్గంలో పక్కపక్క మండలాలకు ఒకే తేదీ పెడితే ఒకరికి మేలు, ఒకరికి కీడు.

ప్రాంతాన్నిబట్టి వేర్వేరు తేదీలు ప్రకటించే వెసులుబాటు చట్టంలో ఉంది. దాన్ని జిల్లాతో సరిపెట్టకుండా మండలం దాకా దించాలి. తేదీకి కాకుండా వానకు ముడిపెట్టాలి. ప్రతి మండలంలో వర్షమాపకం ఉంది. ఎవరెన్ని రోజులు పని అడిగారు, ఎన్ని రోజులు దొరికిందన్న లెక్క పథకం రికార్డుల్లో ఉంది. ఈ రెంటికీ మండలంవారీ వ్యవసాయ కూలి రేట్లు వారం వారం జోడిస్తే చాలు, దేశంలో ఇంకెక్కడా లేనంత చక్కని పానెల్ డేటా తయారవుతుంది. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఎకనామెట్రిక్స్ చదివే ఎంఏ విద్యార్థులు చేయగల పని ఇది; దానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు, డేటా తెరిచి ఇచ్చే జిల్లా యంత్రాంగం కావాలి. అడగాల్సిన ప్రశ్న కూడా చిన్నదే. ఉపాధి పనులు నడుస్తున్న వారాల్లో, పదునైన మండలాల్లో కూలి రేటు పైకి కదిలిందా? పదును కాని మండలాల్లో కదిలిందా? మొదటిచోట కదిలితే అక్కడ నిలుపుదలకు న్యాయం ఉంది. రెండోచోట కదలకపోతే గుమ్మగట్టలోనూ రాయదుర్గం మెట్ట ఊళ్లలోనూ ఆ వారం పనులు ఆపడానికి రైతు పేరు వాడుకోకూడదు.